చింతపిక్కల్లో భూమి: ఎంత ఉందో చెప్పే బొమ్మ ఒక్కటే మనకు చాలదు

పోస్టు కొంచెం పెద్దది. సంతకు వెళ్ళే జీపులో కూర్చున్నప్పుడో, రాత్రి స్టడీ అవర్ అయ్యాకో తీరిగ్గా చదవండి.

మేము ఏజెన్సీలో డిగ్రీ చదువుతున్న హాస్టల్ అమ్మాయిలం. మాలో చాలామంది ఇళ్ళల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదట. సైన్సు అంటే పరీక్షకు బట్టీ పట్టి, పరీక్ష అయ్యాక మర్చిపోయేది అని మొన్నటిదాకా అనుకున్నాం. మా హాస్టల్ వరండాలో వెయ్యి చింతపిక్కలు పరిచాక ఆ అభిప్రాయం మారింది. ఎందుకు మారిందో చెప్పాలనే ఇది రాస్తున్నాం.

కెమిస్ట్రీ క్లాసులో సారు ఒక బొమ్మ చూపించారు. పీరియాడిక్ టేబులే, కానీ గళ్ళు సమానంగా లేవు. ఆక్సిజన్ గడి గుమ్మడికాయలా ఉబ్బి ఉంది. దాని పక్కన సిలికాన్ ఇంకో పెద్ద గడి. అల్యూమినియం, ఇనుము కాస్త పెద్దవే. బంగారం, వెండి మాత్రం మూలకు నొక్కుకుపోయి ఉన్నాయి. భూమి పైభాగంలో ఏ మూలకం ఎంత ఉందో గడి సైజే చెబుతుంది. 1970లో అమెరికాలోని శాంటా క్లారా యూనివర్సిటీ ప్రొఫెసరు విలియం షీహన్ గీసిన బొమ్మ అని సారు చెప్పారు. అంతకు చాలా ముందే, 1889లో, ఫ్రాంక్ క్లార్క్ అనే అమెరికా కెమిస్టు ఎన్నో చోట్ల రాళ్ళను పరీక్షించిన ఫలితాలన్నీ కలిపి ఈ లెక్క మొదటిసారి వేశాడట.

మాలో ఒకమ్మాయి లేచి అడిగింది, "సార్, అల్యూమినియం అన్నిచోట్లా ఇంత ఉంటే, బాక్సైట్ కోసం మా కొండలే ఎందుకు కావాలి?" సారు నవ్వి, అది జియాలజీ వాళ్ళ సబ్జెక్టు, మన సిలబస్‌లో లేదు అన్నారు. బెల్లు కొట్టేశారు. ప్రశ్న మాత్రం మాతో హాస్టల్‌కి వచ్చేసింది.

ఆదివారం ఇంటినుంచి తెచ్చుకున్న చింతపిక్కలు వెయ్యి లెక్కపెట్టి వరండాలో పరిచాం. వరసకు 40 చొప్పున 25 వరసలు. రంగు చాకుపీసులతో గీతలు గీసి మూలకాలకు పంచాం. భూమి పైపొర, అంటే మనం నడిచే, దున్నే, తవ్వే రాతి పొర మొత్తం బరువు వెయ్యి పిక్కలు అనుకుంటే ఏది ఎన్ని పిక్కలో ఇదీ లెక్క:

ఆక్సిజన్ 461
సిలికాన్ 282
అల్యూమినియం 82
ఇనుము 56
కాల్షియం 42
సోడియం 24
మెగ్నీషియం 23
పొటాషియం 21

పుస్తకాన్నిబట్టి అంకెలు కొద్దిగా అటూఇటూ ఉంటాయి, కానీ వరస దాదాపు ఇదే. ఈ ఎనిమిదింటికే 991 పిక్కలు అయిపోయాయి. మిగిలిన 9లో 6 టైటానియానికి పోయాయి. చివరికి 3 పిక్కలు మిగిలాయి. హైడ్రోజన్, ఫాస్ఫరస్, మాంగనీస్, కార్బన్, గంధకం, నత్రజని, రాగి, వెండి, బంగారం, యురేనియం, ఇలా ఎనభై పైచిలుకు మూలకాలన్నీ ఆ మూడు పిక్కల్లోనే సర్దుకోవాలి. బంగారానికి ఒక్క పిక్క దక్కాలంటే పాతిక కోట్ల పిక్కలైనా పరచాలి. మా వరండా ఏ మూలకూ చాలదు.

ఇంతవరకు ఆటలాగే ఉంది. వంట అక్క కూడా వచ్చి చూసింది. గాలిలో ఉండే ఆక్సిజన్ రాయిలో సగం దాకా ఉండటమేంటని నమ్మలేదు. ఇసుక అంటే సిలికాన్, ఆక్సిజన్ కలిసిందే అని మేము చెప్పాం. మాకూ అప్పుడే బాగా అర్థమైంది. పుస్తకంలో 46.1 శాతం అని చదివితే ఏమీ అనిపించలేదు. వంగి 461 పిక్కలు పేర్చి నడుం నొప్పెడితే మాత్రం గుర్తుండిపోయింది.

తర్వాత ఇంకో సంగతి తెలిసింది. పైపొర అంటే భూమి మొత్తం బరువులో నూటికి ఒక వంతు కూడా కాదు. లోపలిదంతా కలిపి లెక్కేస్తే బొమ్మ తిరగబడిపోతుంది. వెయ్యి పిక్కల్లో ఇనుముకే 320 దాకా వస్తాయి. ఆక్సిజన్ సుమారు 300, సిలికాన్, మెగ్నీషియం చెరో 150 దగ్గర. పైపొరలో 82 పిక్కలున్న అల్యూమినియానికి ఇక్కడ 15కి అటూఇటూ దక్కుతాయి. భూమి కరిగిన ముద్దగా ఉన్న రోజుల్లో బరువైన ఇనుము చాలావరకు మధ్యకు దిగిపోయింది, తేలికవి పైకి తేలాయి. అదే భూమి, అవే మూలకాలు. దేన్ని లెక్కపెట్టాలో ఎంచుకున్నదాన్నిబట్టి బొమ్మ మారింది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ అవసరం వస్తుంది.

ఇక ఆ అమ్మాయి ప్రశ్న. పిక్కలు పరిచిన రోజే మా ఫ్రెండ్ వాళ్ళ అయ్య ఆమెను చూడటానికి హాస్టల్‌కి వచ్చాడు. చదువుకున్న మనిషి కాదు. ఇదంతా విని, "అయితే ఏటమ్మా, మీ హాస్టలు గోడ ఇటుకలోనూ అదే ఉంది, మన ఇంటి మట్టిలోనూ అదే ఉంది. మరి వాళ్ళకి మన కొండ నెత్తే ఎందుకు కావాలి?" అన్నాడు. క్లాసులో అడిగిన ప్రశ్నే. ఈసారి సిలబస్‌లో లేదని చెప్పి తప్పించుకోలేం కదా. లైబ్రరీలో జియాలజీ పుస్తకాలు తిరగేశాం. మాకు అర్థమైంది ఇదీ.

బంకమట్టిలో అల్యూమినియం ఉంది, నిజమే. కానీ అది సిలికాన్‌తో, ఆక్సిజన్‌తో గట్టిగా ముడిపడి ఉంది. ఆ ముడి విప్పడానికి అయ్యే ఖర్చుకి ఆ లోహం గిట్టదు. మన తూర్పు కనుమల కొండల మీద ఆ ముడిని వానలు విప్పాయి. లక్షల ఏళ్ళుగా పడిన వానలు రాతిలోని సోడియం, పొటాషియం, చాలావరకు సిలికానూ కడిగేసి గెడ్డల్లోకి, నదుల్లోకి, సముద్రంలోకి పంపేశాయి. కరగని అల్యూమినియం, ఇనుము కొండ నెత్తిన మిగిలిపోయాయి. అదే బాక్సైట్. నూటికి 45 వంతులు అల్యూమినా ఉన్న బాక్సైట్ అయితే వెయ్యి పిక్కల్లో సుమారు 240 అల్యూమినియంవే. మామూలు రాయికి మూడింతలు, అంతే. కానీ కాస్టిక్ సోడాలో కరిగి విడిపోయే రూపంలో ఉంది. అసలు తేడా అక్కడ.

అంటే కంపెనీకి కావాల్సింది మూలకం ఒక్కటే కాదు. మూలకం అందరి పెరట్లోనూ ఉంది. కావాల్సింది వానలు లక్షల ఏళ్ళు చేసిన చాకిరీ. ఆ చాకిరీకి కూలి ఎవరూ కట్టలేదు. ఆ పొరే వాన నీళ్ళు పీల్చుకుని ఎండాకాలంలో ఊటలుగా వదులుతుందని మన పెద్దోళ్ళు చెబుతారు. మన గెడ్డలు, మన పల్లపు మళ్ళు ఆ ఊటల మీదే ఆధారపడ్డాయి. టన్ను అల్యూమినియం కావాలంటే దగ్గర దగ్గర నాలుగు టన్నుల బాక్సైట్ తవ్వాలి. దాన్నుంచి రెండు టన్నుల అల్యూమినా తీయాలి. తీసేటప్పుడు దాదాపు అంతే బరువు ఎర్ర బురద మిగులుతుంది. ఆ తర్వాత లోహంగా మార్చడానికి 13 వేల యూనిట్ల పైనే కరెంటు కావాలి. "భూమ్మీద అల్యూమినియం పుష్కలం" అనే ఒక్క వాక్యంలో ఇవేవీ కనపడవు.

ఇంకో మాట చదివి మాకు ఒళ్ళు జలదరించింది. మన బాక్సైట్ కింద ఉండే ఆ రాయి పేరు ఖోండలైట్. ఖోండు అంటే మన కోదులే. వాళ్ళుండే కొండల్లో ఆ రాయి బాగా కనిపించిందని జియాలజీ వాళ్ళు వాళ్ళ పేరే పెట్టారు. రాయికి మన పేరు ఇచ్చిన సైన్సులో, ఆ రాయి గురించి మాట్లాడే మనవాళ్ళు ఎంతమంది ఉన్నారు?

కొండ విషయం ఇలా ఉంటే, మా ఒంటి విషయం ఇంకోలా ఉంది. మా హాస్టల్‌లో రక్తం పరీక్షలు చేశారు. ఆడవాళ్ళకు హిమోగ్లోబిన్ 12 ఉండాలి. మాలో చాలామంది చీటీల్లో అంతకంటే తక్కువే వచ్చింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 57 మందికి రక్తహీనత ఉంది. గిరిజన మహిళల్లో ఇంకా ఎక్కువ.

ఇప్పుడు పిక్కల దగ్గరకు రండి. వెయ్యిలో 56 ఇనుము. ఆ సగటు లెక్కన పది కిలోల తట్టెడు మట్టిలో అరకిలో పైనే ఇనుముంటుంది. ఒక మనిషి ఒంట్లో ఉండేది మూడు నాలుగు గ్రాములు, ఒక చిన్న మేకంత. అంటే ఒక్క తట్ట మట్టిలో నూటికి పైగా మనుషులకు సరిపడా ఇనుముంది. మన ఎర్ర నేలలకు ఆ ఎరుపు ఇచ్చిందే ఇనుము. ఆ నేల మీదే పుట్టి, దాని మీదే ఉత్త కాళ్ళతో నడిచి, మెట్లెక్కితే ఆయాసపడుతున్నాం.

ఎందుకిలా? ఎర్రమట్టిలో ఇనుము తుప్పు రూపంలో ఉంటుంది. నీళ్ళలో సరిగా కరగదు. మొక్క కష్టపడి కొంచెం తీసుకుంటుంది. మనం తిన్నదాంట్లోంచి మన ఒళ్ళు ఇంకా కొంచెమే తీసుకుంటుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగితే అదీ తగ్గుతుంది. ఉసిరి, నిమ్మ తింటే పెరుగుతుంది. కొంకి పురుగులు కడుపులో ఉంటే రక్తం అవే తాగేస్తాయి. మనలో కొందరికి సికిల్ సెల్ ఉంటుంది. దానికి ఐరన్ మాత్రలు మందు కాదు, వేరే పరీక్ష చేయించాలి. ఇవన్నీ దాటుకుని వచ్చిన ఇనుమే రక్తంలో చేరుతుంది. అంటే భూమిలో ఎంత ఉంది అన్నది ఒక లెక్క. మన దాకా ఎంత వచ్చింది అన్నది పూర్తిగా వేరే లెక్క.

అయోడిన్ సంగతి దీనికి తిరగేసి ఉంటుంది. రాతి పొరలో అది పదిలక్షల్లో ఒక వంతు కూడా లేదు. మనిషికి రోజుకు కావాల్సింది 150 మైక్రోగ్రాములే. ఆ కాస్తా అందక కొండ ప్రాంతాల్లో ఎంతమందికి మెడ వాచిందో మన అమ్మమ్మలను అడగండి. ఉప్పులో చిటికెడు కలపగానే పరిస్థితి మారింది. కొంచెమే ఉన్న దాన్ని అందరికీ అందించగలిగినప్పుడు, బోలెడంత ఉన్న ఇనుమును మా కంచాల్లోకి ఎందుకు తేలేకపోతున్నారు? ఎక్కువ, తక్కువ అనే మాటలకు మన అవసరంతో సంబంధం లేదు. యురేనియం కూడా రాతి పొరలో వెండికంటే ముప్పై రెట్లకు పైగా ఎక్కువ. అంతమాత్రాన నల్లమలలో చెంచుల అడవిని తవ్వొచ్చని అర్థమా? 2019లో అక్కడి జనం వద్దన్నారు, తెలంగాణ అసెంబ్లీ కూడా వద్దని తీర్మానం చేసింది.

అందుకే మా అభిప్రాయం ఇది. మూలకాలు ఎంతెంత ఉన్నాయో చూపించే బొమ్మ మంచిదే. కానీ అది సగం బొమ్మ. దాని పక్కన రెండో బొమ్మ కూడా ఉండాలి: ఏ రూపంలో ఉంది, ఎవరి కొండ మీద ఉంది, తీస్తే ఎవరికి పోతుంది, ఎవరికి ఏం మిగులుతుంది. మొదటి బొమ్మ ఒక్కటే చూపించి "పుష్కలం" అంటే తవ్వడానికి తొందర పుడుతుంది, "అరుదు" అంటే దోచుకోవడానికి. రెండు మాటల దగ్గరా అడవి మనుషులు బొమ్మలో ఉండరు.

ఇది మా చాదస్తం అనుకోకండి. 2019ని పీరియాడిక్ టేబుల్ సంవత్సరంగా ఐక్యరాజ్యసమితి ప్రకటించినప్పుడు, యూరప్ కెమిస్టుల సంఘాల సమాఖ్య షీహన్ బొమ్మ పద్ధతిలోనే కొత్తది గీసింది. అందులో గడి సైజుతోపాటు రంగులూ పెట్టారు. పుష్కలంగా ఉన్నవాటికి పచ్చ, వందేళ్ళలో కరువొచ్చే ప్రమాదం ఉన్నవాటికి ఎరుపు. యుద్ధాలు జరిగే చోట్ల తవ్వి తెచ్చే ఖనిజాలకు వేరే రంగు. సెల్‌ఫోన్‌లో వాడేవాటికి ఫోన్ గుర్తు. అంటే ఎక్కడిది, ఎవరి రక్తం దాని మీద ఉంది అన్నది కూడా కెమిస్ట్రీ బొమ్మలో పెట్టొచ్చని కెమిస్టులే ఒప్పుకున్నారు. మన కొండల సంగతి ఆ బొమ్మలో లేదు. అది మనమే గీసుకోవాలి.

"మీరు కూడా ఫోన్ వాడుతున్నారుగా, అల్యూమినియం కంచంలోనే తింటున్నారుగా" అని మనల్ని చాలామంది అంటారు. నిజమే. మన ఇళ్ళల్లో అమ్మలు దాన్ని సిల్వర్ గిన్నె అంటారు. పైపొరలో అన్నిటికంటే ఎక్కువున్న లోహాన్ని వెండి పేరుతో పిలుస్తున్నాం. అల్యూమినియం వద్దని మేము అనడంలేదు. మా ఊళ్ళోకి కరెంటు వచ్చింది ఆ తీగల మీదే. కానీ ఒకసారి తీసిన అల్యూమినియాన్ని మళ్ళీ కరిగించి వాడుకోవచ్చు. దానికి కొత్తగా తీసేదానికయ్యే కరెంటులో నూటికి ఐదు వంతులు చాలు. అప్పుడు ముందు పాతదాన్ని ఎంతవరకు వాడారు, కొత్త కొండ ఎందుకు కావాలి అని అడిగే హక్కు మనకు ఉంది. సమాధానం చెప్పాల్సింది అడిగినవాళ్ళు కాదు, తవ్వేవాళ్ళు.

అడిగినచోట ఫలితం వచ్చింది కూడా. 1997లో సుప్రీంకోర్టు సమతా తీర్పులో, షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులివ్వడం చెల్లదని చెప్పింది. 1/70 చట్టం ప్రభుత్వానికీ వర్తిస్తుందని చెప్పింది. 2013లో ఒడిశా నియమగిరిలో 12 గ్రామసభలు బాక్సైట్ తవ్వకం వద్దని ఒక్కొక్కటిగా చెప్పాయి. మన జెర్రెల కొండల కోసం 2015లో ఇచ్చిన 97వ నంబరు జీవోను 2019లో రద్దు చేశారు. ఈ పోరాటాలు చేసినవాళ్ళలో ఎక్కువమంది బడికి వెళ్ళనివాళ్ళే. వాళ్ళు చేయాల్సింది చేశారు. మేము బడికి వెళ్ళాం, కాలేజీకి వచ్చాం. రేపు ఇంకో కాగితం వస్తే, అందులో "ఇన్ని మిలియన్ టన్నుల నిల్వ, ఇంత శాతం అల్యూమినా" అని ఉంటే, దాన్ని చదివి మన భాషలో ఊరికి విప్పి చెప్పే పని మనది కాకపోతే ఎవరిది?

అందుకని ఈ గ్రూపులో ఉన్న అందరినీ మూడు పనులు అడుగుతున్నాం.

ఒకటి. మీ హాస్టల్‌లో, మీ ఊరి ఆశ్రమ పాఠశాలలో ఒక ఆదివారం వెయ్యి పిక్కలు పరచండి. చింతపిక్కలు లేకపోతే రాజ్మా గింజలు. ఖర్చు లేదు. చిన్నపిల్లల చేతే పేర్పించండి. కువి, ఆదివాసీ ఒడియా, కోయ, గోండి, మీ ఇంట్లో ఏది మాట్లాడితే అందులో చెప్పండి. ఇంగ్లీషు పేరు తర్వాత నేర్చుకోవచ్చు.

రెండు. పక్కనే రెండో బొమ్మ గీయండి. మీ కొండలో ఏముంది, మీ గెడ్డ ఎక్కడ పుడుతుంది, మీ హాస్టల్ పిల్లల హిమోగ్లోబిన్ ఎంత. పేర్లు రాయొద్దు, అంకెలు చాలు. ఆ కాగితం పట్టుకుని వార్డెన్‌నీ, పీహెచ్‌సీ డాక్టర్‌నీ అడగండి. మా హాస్టల్‌లో అడిగాం. అన్నం తర్వాత ఇచ్చే టీ ఇప్పుడు గంట ఆలస్యంగా ఇస్తున్నారు. చిన్న విషయమే, కానీ అడిగితేనే జరిగింది.

మూడు. ఇంటర్ అయిన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు, ఊళ్ళో ఎవరో చెప్పారని అందరూ ఒకే కోర్సులో చేరొద్దు. జియాలజీ, కెమిస్ట్రీ, సాయిల్ సైన్స్ కూడా చూడండి. ఇంగ్లీషు మీడియం అని భయపడొద్దు. మొదటి సెమిస్టర్‌లో మేమూ బాత్‌రూమ్‌లోకి వెళ్ళి ఏడ్చాం. సబ్జెక్టులు మిగిలిపోయాయి, మళ్ళీ రాసి పాసయ్యాం.

పిక్కలు ఎత్తేసే ముందు ఫ్రెండ్ వాళ్ళ అయ్యకు మేము చదివినదంతా ఫోన్లో చెప్పాం. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మీ సారుకి కూడా చెప్పండమ్మా" అన్నాడు. మంగళవారం క్లాసులో చెప్పాం. సారు విన్నారు. వచ్చేవారం జియాలజీ డిపార్ట్‌మెంటులో ఉన్న బాక్సైట్ ముక్క తెచ్చి చూపిస్తామన్నారు. మాకు అది కొత్త కాదని, మా ఊరి దారిలో రోజూ తొక్కుకుంటూ వచ్చే రాయేనని చెప్పలేదు. చూపించాక చెబుతాం.

అంకెల్లో తప్పులుంటే చదువుకున్న అన్నలు, అక్కలు సరిచేయండి. మీ ఊరి రెండో బొమ్మ గీస్తే ఫోటో పెట్టండి.

జై ఆదివాసీ.